ఎక్స్-రేలను కొలిచే మానిక

నెలనెలా విజ్ఞానం

కిందటి నెల ఈ శీర్షికలో థర్మామీటరు కథ చెప్పుకున్నాం. అది చదివి ఒక పాఠకురాలు ఫోను చేసి అడిగారు: "జ్వరం కొలిచే సంగతి బాగానే ఉందండీ. మా పిల్లవాడి పన్నుకి ఎక్స్-రే తీశారు. ఆ కిరణాలు వాడి మీద ఎంత పడ్డాయో ఎవరైనా కొలుస్తారా? కంటికి కనబడనిదాన్ని, ఒంటికి తగలనిదాన్ని, దేనితో కొలుస్తారు?"

ప్రశ్న చిన్నది. సమాధానానికి మాత్రం పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకే ముప్పయ్యేళ్ళకు పైగా పట్టింది. మన సంఘంలో డాక్టర్లు చాలామంది ఉన్నారు. వారికి రాడ్, గ్రే, సీవర్టు వంటి పేర్లు కొత్తవి కావు. ఆ పేర్లు పుట్టకముందు ఏం చేసేవారన్నది మాత్రం కాలేజీలో ఎవరూ పెద్దగా చెప్పరు. ఈ నెల ఆ కథ చెప్పుకుందాం.

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్ నగరంలో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడికి ఈ కిరణాలు తారసపడ్డాయి. అవి ఏమిటో తెలియలేదు కనుక, లెక్కల్లో తెలియని రాశికి పెట్టినట్టే, "ఎక్స్" అని పేరు పెట్టాడు. డిసెంబరు 28న మొదటి పత్రం సమర్పించాడు. ఈ కిరణాలు తగిలితే కొన్ని లవణాలు మెరుస్తాయనీ, ఫొటో పలక నల్లబడుతుందనీ, మాంసం గుండా దూసుకుపోయి ఎముక దగ్గర తగ్గుతాయనీ అందులో రాశాడు. 1896 మార్చిలో రెండో పత్రం వచ్చింది. అందులో ఇంకొక గుణం చెప్పాడు: ఈ కిరణాలు గాలి గుండా పోతే, ఆ గాలిలో ఉన్న వస్తువు మీది విద్యుదావేశం కారిపోతుంది. ఈ చివరి గుణాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. మన కథ ఎక్కడెక్కడో తిరిగి మళ్ళీ దీని దగ్గరికే వస్తుంది.

కొత్త కిరణాల వార్త కొద్ది వారాల్లోనే లోకమంతా పాకింది. ఆసుపత్రుల్లో, కాలేజీల్లో, ప్రదర్శనశాలల్లో ట్యూబులు వెలిగాయి. అయితే ఆ రోజుల ట్యూబులు మహా చపలమైనవి. అందులో కొద్దిగా గాలి మిగిల్చి ఉంచేవారు. వాడుతున్నకొద్దీ ఆ గాలి తగ్గిపోయి, కిరణాల వాడి పెరిగేది. నిన్న రెండు నిమిషాల్లో బొమ్మ పడిన ట్యూబుతో ఇవాళ ఎంతసేపు పడుతుందో చెప్పలేం. గడియారం చూసి లెక్క కట్టే వీలు లేదు. మరి ట్యూబు ఎలా ఉందో తెలిసేదెలా?

దానికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం వింటే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. పొద్దున్నే ట్యూబు వెలిగించి, మెరిసే తెరకీ ట్యూబుకీ మధ్య తమ చెయ్యి పెట్టుకుని చూసేవారు. ఎముకలు నల్లగా, మాంసం తేటగా కనబడితే ట్యూబు బాగున్నట్టు. ఎముకలు కూడా పలచబడిపోతే కిరణాల వాడి మరీ ఎక్కువైనట్టు. కూర వండేవారు ఉప్పు రుచి చూసినట్టు, రోజుకి ఎన్నిసార్లు ట్యూబు సర్దితే అన్నిసార్లు చెయ్యి చూసుకునేవారు.

ఈ కిరణంలో ఉన్న మోసం ఏమిటంటే, అది తగిలినప్పుడు ఏమీ తెలియదు. నిప్పు అంటుకుంటే వెంటనే చెయ్యి లాక్కుంటాం. ఇక్కడ అలా కాదు. 1896లో ఎలిహ్యూ థామ్సన్ అనే అమెరికను ఇంజనీరు నిజానిజాలు తేల్చుకుందామని కావాలనే తన చిటికెన వేలిని ట్యూబు దగ్గర పెట్టాడు. అప్పటికి ఏమీ కాలేదు. కొద్ది రోజులు గడిచాక వేలు ఎర్రబడి, వాచి, బొబ్బలెక్కింది. ఎడిసన్ దగ్గర గాజు పని చేసే క్లారెన్స్ డాలీకి ఇలా జాగ్రత్త చెప్పినవారు లేరు. ట్యూబులు తయారు చెయ్యటం, చేతులతో పరీక్షించటం అతని పని. పుళ్ళు పడ్డాయి, క్యాన్సరు వచ్చింది, రెండు చేతులూ తీసేశారు. 1904లో ముప్పై తొమ్మిదేళ్ళకే చనిపోయాడు. ఆ దెబ్బతో ఎడిసన్ ఎక్స్-రేల పనే మానుకున్నాడు. ఫిలడెల్ఫియాలో మిహ్రాన్ కసాబియన్ అనే డాక్టరు తన చేతులు క్రమక్రమంగా పాడవటాన్ని తానే ఫొటోలు తీసి పెట్టాడు. ఆయన 1910లో పోయాడు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. వీళ్ళెవరూ తెలివితక్కువవారు కారు. అజాగ్రత్త మనుషులూ కారు. వాళ్ళ దగ్గర లేనిది కొలత. కొలపాత్ర లేనిచోట మనిషి చర్మమే కొలపాత్ర అయింది.

చికిత్స చేసేవారికి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. ఫొటో తియ్యటానికి కిరణం తక్కువైతే బొమ్మ సరిగా రాదు, అంతే. చికిత్సలో అలా కాదు. ప్యారిస్‌లో రేమాన్ సాబూరో అనే చర్మవైద్యుడు పిల్లల తలలో వచ్చే తామరకి వైద్యం చేసేవాడు. ఆ రోజుల్లో దానికి సరైన మందు లేదు. అంటువ్యాధి కనుక పిల్లల్ని బడికి రానిచ్చేవారు కారు. నెలలూ ఏళ్ళూ అలాగే గడిచిపోయేవి. తల మీద ఎక్స్-రేలు తగుమాత్రం వేస్తే కొన్ని వారాల్లో జుట్టంతా ఊడిపోతుంది. వెంట్రుకలతోపాటు వ్యాధీ పోతుంది. తరవాత జుట్టు మళ్ళీ మొలుస్తుంది. అయితే "తగుమాత్రం" అంటే ఎంత? తక్కువైతే జుట్టు ఊడదు, రోగం పోదు. ఎక్కువైతే పుండు పడుతుంది, జుట్టు జన్మలో మొలవదు. ఎదురుగా కూర్చున్నది ఆరేళ్ళ పిల్ల. "చేసి చూద్దాం" అనటానికి వీలు లేదు.

1904లో సాబూరో, ఆయన సహచరుడు నువారే కలిసి ఒక చిన్న బిళ్ళ తయారుచేశారు. కాగితం మీద బేరియం ప్లాటినోసయనైడ్ అనే లవణం పూత. మామూలుగా అది ఆకుపచ్చగా ఉంటుంది. ఎక్స్-రేలు పడుతుంటే పసుపు మీదుగా గోధుమ రంగుకి తిరుగుతుంది. పక్కన పోల్చి చూసుకోవటానికి రెండు రంగుల మచ్చలు అచ్చువేసి ఇచ్చారు. ఒకటి బిళ్ళ మొదటి రంగు, దాని పేరు ఎ-ఛాయ. రెండోది బి-ఛాయ. బిళ్ళని ట్యూబుకీ తలకీ సరిగ్గా సగం దూరంలో పెట్టాలి. దూరం సగమైతే కిరణాల జోరు నాలుగింతలవుతుంది కనుక బిళ్ళ రంగు త్వరగా తిరుగుతుంది. బిళ్ళ బి-ఛాయకి రాగానే ట్యూబు ఆపెయ్యాలి. అప్పటికి తల మీద పడింది జుట్టు ఊడటానికి చాలు, చర్మం చెడటానికి చాలదు.

చూడటానికి చాలా సులువైన ఉపాయం. చవక కూడాను. అందుకే యూరపంతా ఈ బిళ్ళలు వాడారు. లోపాలూ అందులోనే ఉన్నాయి. వెలుతురులో పెడితే బిళ్ళ రంగు మళ్ళీ వెనక్కి పోతుంది. వేడికీ తేమకీ మారుతుంది. పగటి వెలుగులో ఒక రంగుగా, దీపపు వెలుగులో మరొక రంగుగా కనిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, అది గోధుమ రంగో కాదో చెప్పవలసింది డాక్టరుగారి కన్ను. నా కంటికి నిండు గోధుమ రంగు, మీ కంటికి ఇంకా పసుపే అనిపించవచ్చు. చర్మం మీంచి కొలత కంటి మీదికి వచ్చింది గాని, మనిషిని దాటి ఇంకా బయటికి పోలేదు.

సాబూరో ఒక్కడే కాదు, ఆ పదేళ్ళలో కొలతలకి కొదవ లేకపోయింది. 1902లో వియన్నాలో గ్విడో హోల్ట్స్‌క్‌నెహ్ట్ ఒక రంగుమారే లవణంతో కొలమానం చేసి, దానికి "హెచ్" అని పేరు పెట్టాడు. ఆ లవణం కూర్పేమిటో మొదట బయటపెట్టలేదు. 1905లో అదే నగరంలో రాబర్ట్ కీన్‌బోక్ ఫొటో కాగితపు ముక్కలు నల్లబడటాన్ని బట్టి "ఎక్స్" అనే కొలమానం చేశాడు. సాబూరో బి-ఛాయ అంటే సుమారు 5 హెచ్, అంటే సుమారు 10 ఎక్స్ అని డాక్టర్లు పట్టికలు రాసుకుని గోడకి అంటించుకునేవారు. హోల్ట్స్‌క్‌నెహ్ట్ తన కొలమానం తనని కాపాడలేక, చేతులు పాడై, ఆపరేషన్ల మీద ఆపరేషన్లు చేయించుకుని 1931లో ఈ కిరణాల వల్లనే చనిపోయాడు.

ఇప్పుడు గుర్తుపెట్టుకోమన్న సంగతి దగ్గరికి వద్దాం. ఎక్స్-రేలు గాలిలోని అణువులనుంచి ఎలక్ట్రానులని ఊడగొడతాయి. ఆ ముక్కలకి విద్యుదావేశం ఉంటుంది కనుక గాలి కాస్త విద్యుద్వాహకం అవుతుంది. దీన్నే అయనీకరణం అంటారు. ఎన్ని కిరణాలు పడితే అన్ని ముక్కలు. ఆ ఆవేశాన్ని మీటరు మీద చదవవచ్చు. రంగు చూడనక్కరలేదు. గాలి ప్యారిస్‌లోనైనా బోస్టనులోనైనా ఒకటే గాలి. 1908లో పాల్ వీలార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ మాటే చెప్పాడు: మామూలు పరిస్థితుల్లో ఒక ఘన సెంటీమీటరు గాలిలో ఒక స్థిరవిద్యుత్ ప్రమాణం మేరకు ఆవేశాన్ని పుట్టించే కిరణ పరిమాణాన్ని ఒక కొలమానంగా తీసుకుందాం అని. గామా కిరణాలని 1900లో మొదట గుర్తించినది ఈయనే.

ఇంత తేటగా చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. అందరూ ఒప్పుకోవటానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. ఎందుకని? ఒక కారణం, ఆ పరికరం సుకుమారం. గాలిలో తేమ ఎక్కువైతే ఆవేశం దానంతట అదే కారిపోయేది. జేబులో పడే బిళ్ళకి అలవాటుపడ్డ డాక్టరుకి అదంతా తలనొప్పి. రెండో కారణం ఇంకా లోతైనది. ఊడిన ఎలక్ట్రాను గాలిలో కొంత దూరం పరుగెత్తి, దారిలో ఇంకెన్నో అణువులని పగలగొడుతుంది. పెట్టె చిన్నదైతే అది మధ్యలోనే గోడకి కొట్టుకుంటుంది. గోడ లోహమైతే గోడలోంచి మరికొన్ని ఎలక్ట్రానులు ఊడిపడతాయి. అప్పుడు మనం కొలిచేది గాలినా, గోడనా? గోడ తగలకుండా ఉండాలంటే పెట్టె బీరువా అంత పెద్దదై ఉండాలి. బీరువాని రోగి పక్కన పడుకోబెట్టలేం కదా! మూడో కారణం, ట్యూబు స్థిరంగా ఉండకపోవటం. 1913లో విలియం కూలిడ్జ్ చేసిన కొత్త ట్యూబు వచ్చాకే ఇవాళ్టి కిరణం రేపూ అలాగే రావటం మొదలైంది.

మన పల్లెల్లో పూర్వం ఊరికో మానిక ఉండేది. పేరు మానికే గాని, ఈ ఊరి మానికలో పట్టే బియ్యం పక్క ఊరి మానికలో పట్టేవి కావు. 1920లలో ఎక్స్-రేలకి సరిగ్గా ఇదే గతి పట్టింది. 1921లో ఫ్రాన్సులో సొలొమాన్ అనే ఆయన గాలి పద్ధతిలోనే ఒక కొలమానం చేశాడు. ఒక గ్రాము రేడియంని ఆధారంగా పెట్టుకుని దానికి "ఆర్" అని పేరు పెట్టాడు. 1924లో జర్మనీలో బెహ్న్‌కెన్ ఇంకో పద్ధతిలో కొలమానం చేసి, దానికీ "ఆర్" అనే పేరు పెట్టాడు. రెండూ రాంట్‌జెన్ గౌరవార్థమే. తీరా చూస్తే జర్మన్ ఆర్ ఒకటి, ఫ్రెంచి ఆర్ రెండుకి పైచిలుకు. ప్యారిస్ డాక్టరు పత్రికలో "ఇన్ని ఆర్‌లు ఇచ్చాను, గడ్డ కరిగింది" అని రాస్తే, బెర్లిన్ డాక్టరు అదే అంకె చూసి ఇస్తే రోగికి రెండింతలకు పైగా పడుతుంది! వేర్వేరు పేర్లుంటే కనీసం అడిగి తెలుసుకుంటారు. ఒకే పేరుంటే అడగరు.

ఈ చిక్కుముడిలో ఒక కొస ఈ దేశంలోనే, క్లీవ్‌లాండ్‌లో విడింది. క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో హ్యూగో ఫ్రికె, ఆటో గ్లాసర్ అనే ఇద్దరు పనిచేసేవారు. గోడ సమస్యకి వాళ్ళు చెప్పిన జవాబు ముచ్చటగా ఉంటుంది. గోడ తగలకుండా పెద్ద పెట్టె చెయ్యటం మాని, గోడనే గాలిలాంటి పదార్థంతో చేస్తే సరిపోతుందిగా! గాలిలో ఎక్కువ ఉన్నది నత్రజని, ఆమ్లజని. వాటి అణుసంఖ్యలు 7, 8. బొగ్గుది 6. బొగ్గు జాతి పదార్థాన్ని తగిన పాళ్ళలో కలిపి గోడ చేస్తే, ఎక్స్-రేల దృష్టిలో అది గట్టిపడిన గాలే. ఇక పెట్టె ఎంత చిన్నదైనా ఫరవాలేదు. దర్జీలు సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే థింబుల్ ఉంటుందే, అంత పరికరం తయారైంది. 1925లో దాన్ని ప్రకటించారు. రోగి ఒంటి మీద, కిరణం పడేచోటే పెట్టి కొలవవచ్చు. తరవాత కొద్ది ఏళ్ళలో అదే ఊళ్ళో జాన్ విక్టరీన్ అనే ఆయన దాన్ని ఆసుపత్రులు కొనుక్కోగల మీటరుగా తయారుచేసి అమ్మాడు. రాంట్‌జెన్ జీవితచరిత్ర రాసినది కూడా ఈ గ్లాసరే.

రెండో కొస అంతర్జాతీయ సభల్లో విడింది. 1925లో లండనులో మొదటి అంతర్జాతీయ రేడియాలజీ సభ జరిగింది. కొలమానం తేల్చటానికి ఒక సంఘం వేశారు. 1928లో స్టాక్‌హోమ్‌లో రెండో సభలో అందరూ ఒప్పుకున్నారు. 0 డిగ్రీల వేడిమి, 76 సెంటీమీటర్ల పాదరస పీడనంలో ఉన్న ఒక ఘన సెంటీమీటరు గాలిలో, గోడల ప్రభావం లేకుండా, ఒక స్థిరవిద్యుత్ ప్రమాణం ఆవేశం పుట్టిస్తే అది ఒక రాంట్‌జెన్. అంటే అంత గాలిలో సుమారు రెండు వందల కోట్ల జతల అయానులు. ఇరవై ఏళ్ళ కిందట వీలార్ చెప్పినది ఇంచుమించు ఇదే! ఒప్పుకోవటం ఒక ఎత్తు, అమలు జరపటం ఒక ఎత్తు. 1931లో అమెరికా ప్రమాణాల సంస్థకి చెందిన లారిస్టన్ టేలర్ తన పరికరం వెంటబెట్టుకుని యూరపు వెళ్ళి, అక్కడి ప్రయోగశాలల పరికరాలతో పోల్చి చూశాడు. తేడా నూటికి ఒక వంతు లోపే వచ్చింది. మానిక ఒకటైంది. టేలర్ నూట రెండేళ్ళు బతికి 2004లో పోయాడు.

కథ ఇక్కడితో సుఖాంతం అనుకుంటే పొరపాటు. రాంట్‌జెన్ వచ్చాక, ఈ పని చేసేవారు రోజుకి ఎంతవరకు భరించవచ్చు అనే ప్రశ్న వచ్చింది. 1925లో ఆర్థర్ మచెలర్ అనే ఆయన ఒక అంచనా చెప్పాడు: చర్మం ఎర్రబడటానికి కావలసిన మోతాదులో నూరో వంతు నెల రోజుల్లో పడితే ఫరవాలేదని. చర్మం ఎర్రబడేది సుమారు 600 రాంట్‌జెన్‌లకి. నూరో వంతు ఆరు. నెలకి ఆరంటే రోజుకి 0.2. 1934లో అంతర్జాతీయ సంఘం సిఫారసు చేసిన హద్దు సరిగ్గా ఈ 0.2 రాంట్‌జెన్‌లే. అంకె శాస్త్రీయంగానే ఉంది. దాని వెనక ఉన్నది మాత్రం ఎర్రబడిన చర్మమే. పాత కొలపాత్ర కొత్త కొలమానంలో దాక్కుని కూర్చుంది.

చర్మానికి తెలియని సంగతులు కొన్ని ఉన్నాయి. 1927లోనే హెర్మన్ మల్లర్ ఈగల మీద ప్రయోగాలు చేసి, ఎక్స్-రేల వల్ల తరతరాలకీ సంక్రమించే మార్పులు పుడతాయని చూపించాడు. ఎర్రదనం కనబడని క్యాన్సర్లు ఏళ్ళ తరవాత బయటపడతాయని క్రమంగా తెలిసింది. తామరకి తల మీద కిరణాలు వేసే పద్ధతి 1958 తరవాత గ్రిసియోఫల్విన్ మాత్ర వచ్చేదాకా చాలా దేశాల్లో సాగింది. ఇజ్రాయెలులో అలా చికిత్స పొందిన పిల్లలని పెద్దయ్యాక పరీక్షించి, వారిలో మెదడు గడ్డలూ థైరాయిడ్ క్యాన్సరూ మామూలు కంటే ఎక్కువగా ఉన్నాయని 1974లో ప్రకటించారు. ఆ పిల్లల మోతాదు ఆనాటి లెక్క ప్రకారం తప్పు కాదు. తల వెంట్రుకలకి సరిపోయినంతే వేశారు. మెదడునీ గొంతునీ మాత్రం ఎవరూ అడగలేదు.

అందుకే కొలమానాలు ఇంకా మారాయి. రాంట్‌జెన్ గాలిలో ఏం జరిగిందో చెబుతుంది. ఒంట్లో ఎంత శక్తి ఇంకిందో చెప్పటానికి 1953లో రాడ్, 1975లో గ్రే వచ్చాయి. ఒక గ్రే నూరు రాడ్‌లు. ఆ శక్తి ఏ అవయవానికి ఎంత ముప్పు తెస్తుందో లెక్కలోకి తీసుకునేది సీవర్టు. స్టాక్‌హోమ్ తరంలోని స్వీడన్ శాస్త్రవేత్త రోల్ఫ్ సీవర్ట్ పేరే అది. హద్దులూ దిగివచ్చాయి. 1934 హద్దు ప్రకారం ఏడాదికి సుమారు 50 రాంట్‌జెన్‌ల దాకా పడవచ్చు. ఇప్పుడు అంతర్జాతీయ సిఫారసు ఈ పని చేసేవారికి ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్టులు. ఆనాటిదానితో పోలిస్తే ఇరవయ్యో వంతుకి లోపే.

ఇక మన పాఠకురాలి ప్రశ్న. ఒక పన్నుకి ఒక చిన్న ఎక్స్-రే తీస్తే పడేది సుమారు 0.005 మిల్లీసీవర్టు. నేలనుంచీ, ఆకాశంనుంచీ, గాలినుంచీ మనిషికి సహజంగా పడేది ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు. అంటే ఆ పన్ను ఫొటో ఒక రోజు బతికినంత లోపే. భయపడనక్కరలేదు. కడుపుకి తీసే సీటీ స్కాను మాత్రం 8, 10 మిల్లీసీవర్టుల దాకా ఉంటుంది. అది నాలుగేళ్ళ సహజ మోతాదు. అవసరమైతే తప్పక తీయించుకోవాలి. అయితే "ఇది ఎందుకు? కిందటి నెల తీసినది పనికిరాదా? మోతాదు ఎంత?" అని అడగటానికి మొహమాటపడకండి. డాక్టరుగారి మీద నమ్మకం లేక అడిగినట్టు కాదు. జవాబు చెప్పటానికి ఇవాళ అంకె ఉంది. సాబూరో ముందు కూర్చున్న పిల్ల తల్లి అడిగితే ఆయన చూపించగలిగింది ఒక రంగు బిళ్ళే.

చివరిగా, ఆసుపత్రుల్లో పనిచేసే మన సభ్యులకి ఒక మాట. 1902లో బోస్టనులో విలియం రాలిన్స్ అనే పళ్ళ డాక్టరు ఒక సలహా చెప్పాడు. ట్యూబు పెట్టె బయట ఫొటో పలక ఒకటి ఏడు నిమిషాలు ఉంచండి, మసకబారకపోతేనే ఆ పెట్టె క్షేమం అని. అంతకు ముందే ఎక్స్-రేలతో గినీ పందులు చనిపోతాయని చూపించాడు కూడా. చాలామంది వినిపించుకోలేదు. మీ కోటుకి తగిలించుకునే ఆ చిన్న బిళ్ళ ఆ పలకకి మనవడు. ఒకప్పుడు అందులో ఫిల్ము ముక్క ఉండేది, ఇప్పుడు చాలాచోట్ల కిరణశక్తిని దాచుకుని తరవాత వెలుగుగా తిరిగి ఇచ్చే స్ఫటికం ఉంటోంది. 1936లో హాంబర్గ్ నగరంలో, ఈ కిరణాల వల్ల ప్రాణాలు పోగొట్టుకున్న డాక్టర్లకీ నర్సులకీ పనివారికీ ఒక స్మారక స్తంభం నిలబెట్టారు. అప్పటికే దాని మీద చెక్కిన పేర్లు నూట యాభైకి పైగా ఉన్నాయి. బిళ్ళని అల్మరాలో వేలాడదీసి పనిలోకి వెళ్ళేవారు మనలో ఒకరిద్దరున్నారని విన్నాను. దయచేసి తగిలించుకుని వెళ్ళండి.

వచ్చే నెల ఈ శీర్షికలో గడియారాల సంగతి. ప్రశ్నలుంటే సంపాదకులకి ఉత్తరం రాయండి, నాకు అందజేస్తారు.